గుండె సిద్ధమైతే గుర్రం సిద్ధమైనట్టు కాదు

“గుర్రం పుట్టిందే పరిగెత్తడానికి. 40 కిలోమీటర్లు దానికో లెక్కా? రెండు నెలలు శని, ఆదివారాలు గట్టిగా తిప్పితే చాలు.” హైదరాబాదులో నార్సింగి దాటి గండిపేట, అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు వెళ్తే, గుర్రాల దగ్గర దూరపు సవారీ ప్రస్తావన రాగానే వినపడే మాట ఇది. చెప్పేవాళ్లలో చాలామంది హైటెక్ సిటీలోనో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో సవారీ నేర్చుకుని, ఆ ఇష్టం ముదిరి సొంత గుర్రం కొనుక్కున్నవాళ్లు. వాళ్లకు గుర్రం మీద ప్రేమ లేదని నేననను. ప్రేమించేవాళ్ల చేతుల్లోనే ఈ అభిప్రాయం గుర్రాలను కుంటివి చేస్తుంది. అందుకే దీన్ని ఖండించక తప్పదు.

ముందు ఆ వాదనను దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. గుర్రం శరీరం నిజంగానే పరుగుకు తగ్గట్టు తయారైంది. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే దాని గుండె గ్యాలప్‌లో 200 దాటగలదు. ఎర్ర రక్తకణాల్లో దాదాపు మూడో వంతును ప్లీహంలో దాచుకుని, పరుగు మొదలవగానే నెత్తురులోకి వదులుతుంది. ఆ స్థాయిలో ఈ సదుపాయం మనిషికి లేదు. అలాంటి మనిషే నాలుగు నెలలు సాధన చేసి, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో దిగి, గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు గీత దాటుతున్నాడు. అతనికంటే ఎన్నో రెట్లు బలమైన జంతువుకు అందులో సగం సమయం చాలదా? మలక్‌పేట రేసుకోర్సు నుంచి వచ్చిన గుర్రమైతే అప్పటికే పరుగులో ఆరితేరింది. ఎండ అంటారా, అది ఈ దేశంలో పుట్టి పెరిగిందే. తేడా వస్తే పోటీలో పశువైద్యులు ఉండనే ఉన్నారు. ఇదీ వాదన. వినడానికి ఎక్కడా లోపం లేనట్టే ఉంటుంది. విడదీసి చూస్తే ఇందులో నిలబడే అంశం ఒక్కటీ లేదు.

అసలు ఈ పోటీ దేన్ని కొలుస్తుందో తెలియకపోవడం వల్లే సగం తప్పు జరుగుతోంది. దూరపు సవారీ 40 కిలోమీటర్ల నుంచి 80, 120, 160 దాకా ఉంటుంది. దాన్ని విడతలుగా నడుపుతారు. ప్రతి విడత చివరా పశువైద్యుడు గుర్రాన్ని పరీక్షిస్తాడు. నిర్ణీత నిమిషాల్లోపు నాడి 64కు దిగిరావాలి. చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. పేగుల చప్పుడు వినిపించాలి. ట్రాట్ చేయించినప్పుడు నాలుగు కాళ్లూ సమంగా పడాలి. ఏది తప్పినా గుర్రం అక్కడితో ఆగాల్సిందే. అమెరికాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో 100 మైళ్లను 24 గంటల్లో పూర్తిచేసి పరీక్ష నెగ్గిన ప్రతి రౌతుకూ వెండి బకిల్ ఇస్తారు. ముందు వచ్చిన పది గుర్రాల్లో అన్నిటికన్నా మంచి స్థితిలో ఉన్నదానికి హాగిన్ కప్ పేరుతో 1964 నుంచి వేరే బహుమతి ఉంది. గుర్రం ఎంత వేగంగా వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, వచ్చాక ఎలా ఉందన్నదీ అంతే ముఖ్యమని ఈ క్రీడ తన నియమాల్లోనే రాసుకుంది.

1. “పరిగెత్తడం దాని స్వభావం”

స్వభావమే. కానీ బయట తిరిగే గుర్రం రోజులో ఎక్కువ భాగం మేస్తూ నడుస్తుంది. దాని పరుగు ప్రాణభయంతో తీసేది, కాసేపట్లో ముగిసేది. వీపు మీద జీను ఉండదు, మనిషి ఉండడు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో దాని ఇష్టం. మన గుర్రం రోజుకు ఇరవై గంటలకు పైగా గదిలో కట్టుబడి ఉంటుంది. గంట సేపు మైదానంలో గుండ్రంగా తిరిగి మళ్లీ గదిలోకి వెళ్తుంది. దాని స్వభావానికి కావలసిన నడకను ఐదు రోజులు లేకుండా చేసి, ఆరో రోజు ఆ స్వభావాన్నే సాక్ష్యానికి పిలవడం ఎక్కడి న్యాయం?

బరువు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలాకాలంగా పాటిస్తున్న కొలత. 450 కిలోల గుర్రానికి అది 90 కిలోలు. జీనుకే 8, 10 కిలోలు పోతే మనిషికి మిగిలేది 80. పూటల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లు, గుర్రానికి శిక్షణ ఇచ్చే ముందు తమ బరువు చూసుకోవాలి. అలసిన రౌతు జీనులో ఒక పక్కకు ఒరిగిపోతాడు. ఆ ఒరుగుడు భారమంతా గుర్రం వీపు మీద, ఆ వైపు కాళ్ల మీద పడుతుంది. రెండు గంటల సవారీలో తేలిపోయే ఈ లోపం ఐదు గంటల సవారీలో పుండవుతుంది.

దూరపు సవారీ హైదరాబాదుకు కొత్త కాదు. ఢిల్లీ తీన్ మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ లాన్సర్స్ దళాలవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళాలు ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో గుర్రాల మీద పనిచేశాయి. ఆనాటి అశ్వదళాలు దూరం వెళ్లేటప్పుడు కొంతసేపు ట్రాట్, కొంతసేపు నడక, మధ్యమధ్య రౌతు దిగి గుర్రాన్ని చేత్తో నడిపించడం అన్న క్రమాన్ని ఆజ్ఞగా పాటించేవి. గుర్రం పడిపోతే సైనికుడూ పోతాడని తెలిసినవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. గుర్రం స్వభావం మీద వాళ్లకు మనకంటే తక్కువ నమ్మకం లేదు. అయినా ఆ నమ్మకంతో సాధన మానుకోలేదు.

అంతకంటే వెనక్కి వెళ్తే, 13వ శతాబ్దం చివర దక్షిణ భారత తీరానికి వచ్చిన మార్కో పోలో ఒక విషయం గమనించాడు. అరబ్బు దేశాల నుంచి ఏటా వేల సంఖ్యలో, భారీ ధరలకు గుర్రాలు దిగుమతి అవుతున్నాయి. వాటిని చూసుకోవడం తెలియక, తగని మేత పెట్టడం వల్ల చాలా గుర్రాలు చనిపోతున్నాయి. వ్యాపారులు మళ్లీ ఓడలు నింపుకొస్తున్నారు. డబ్బుంటే గుర్రం వస్తుంది. దాన్ని చూసుకునే జ్ఞానం వేరుగా సంపాదించుకోవాల్సిందే.

2. “రేసు గుర్రమే కదా, ఫిట్‌గానే ఉంటుంది”

మలక్‌పేట పందేల్లో గుర్రం పరిగెత్తేది సాధారణంగా 1,000 నుంచి 2,400 మీటర్ల మధ్య. మూడు నిమిషాల్లోపు పని అయిపోతుంది. దాని శిక్షణంతా ఆ మూడు నిమిషాల కోసమే. ప్రాణవాయువు సరిపోని స్థితిలో కూడా కొద్దిసేపు విపరీతమైన వేగాన్ని ఇవ్వగలిగేలా దాని కండరాలను తీర్చిదిద్దుతారు. ఐదారు గంటలు నిలకడగా, కొవ్వును కరిగించుకుంటూ, నాడి అదుపులో ఉంచుకుని సాగడం పూర్తిగా వేరే పని. ఆ పని దానికి ఎవరూ నేర్పలేదు.

కాళ్ల చరిత్ర అంతకంటే ముఖ్యం. పందేల జాతి గుర్రమైన థరోబ్రెడ్‌ను రెండేళ్ల వయసులోనే పందేనికి దింపుతారు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 160 కిలోమీటర్ల పోటీలో గుర్రానికి కనీసం ఎనిమిదేళ్లు ఉండాలంటుంది. ఈ రెండు వయసుల మధ్య ఉన్న తేడా ఎముకలకు, కీళ్లకు సంబంధించినది. రేసుల నుంచి విరమించిన గుర్రం ఎందుకు విరమించిందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. చాలాసార్లు జవాబు ముందుకాలి వెనక, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌లో ఉంటుంది. పైకి వాపు తగ్గి ఉంటుంది, నడకలో తేడా తెలియదు. అల్ట్రాసౌండ్ తీస్తే పాత గాయం బయటపడుతుంది. కొనే ముందు ఆ పరీక్షకయ్యే ఖర్చుకు వెనకాడేవాళ్లు, అదే గుర్రానికి దిగుమతి జీను కొంటారు.

థరోబ్రెడ్ ఈ పోటీకి పనికిరాదని నేను చెప్పడం లేదు. ప్రపంచమంతా అరబ్బు గుర్రాలదే పైచేయి అయినా, ఓపిగ్గా తయారుచేస్తే థరోబ్రెడ్ కూడా 40, 80 కిలోమీటర్లు చక్కగా చేస్తుంది. షరతు ఒక్కటే. రేసుల నుంచి రాగానే దాన్ని కొన్ని నెలలు ఆరుబయట మేతకు వదలాలి. దాణా తగ్గించి గడ్డి పెంచాలి. పగ్గం బిగిస్తే మరింత ముందుకు లాగాలని నేర్చిన గుర్రానికి, పగ్గం వదులుగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడవడం నేర్పాలి. ఆ తర్వాత, అసలు ఏ శిక్షణా లేని గుర్రంతో ఎక్కడ మొదలుపెడతామో అక్కడే మొదలుపెట్టాలి.

3. “రెండు నెలలు చాలు”

అసలు ప్రమాదం ఇక్కడుంది. దీన్ని నిదానంగా చూడాలి.

శిక్షణ మొదలైన రెండు వారాల్లోనే గుర్రం శరీరంలో నెత్తురు పరిమాణం పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గుండె పనితీరు స్పష్టంగా మెరుగుపడుతుంది. కండరాలకు మూడు నుంచి ఆరు నెలలు కావాలి. టెండన్లకు, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లకు నెత్తురు సరఫరా తక్కువ, కాబట్టి అవి ఇంకా నిదానంగా గట్టిపడతాయి. ఎముకకు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగంలో పైనుంచి కింది దాకా కొత్త గిట్ట రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. వచ్చే ఏడాది పోటీలో నేలను తాకే గిట్ట ఇవాళ తింటున్న మేతతో, ఇవాళ చేస్తున్న పనితో తయారవుతోంది.

ఇప్పుడు ఎనిమిదో వారం ఎలా ఉంటుందో చూడండి. గుండె సిద్ధంగా ఉంది. గుర్రం హుషారుగా ఉంది, కళ్లెం లాగుతోంది, ఆపితే విసుక్కుంటోంది. నాడి చూస్తే చకచకా దిగుతోంది. ఈ అంకెలు చూసి యజమాని సంబరపడతాడు. కాళ్లు మాత్రం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాయి. శిక్షణ లేని గుర్రం త్వరగా అలసి ఆగిపోతుంది. ఆ అలసటే దాని కాళ్లను కాపాడుతుంది. గుండె ఒక్కటే సిద్ధమైన గుర్రానికి ఆ కాపలా ఉండదు. అది ఆగదు, పైగా ఇష్టంగా పరిగెడుతుంది. “అదే పరిగెడతానంటోంది” అన్న మాటను గుర్రం ఒప్పుకోలుగా తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తన టెండన్ ఎంత లోడును తట్టుకోగలదో గుర్రానికి తెలియదు. తెలుసుకోవాల్సింది దాని మీద కూర్చున్న మనిషి.

ఎముక సంగతి ఇంకా తీవ్రమైనది. కొత్త ఒత్తిడి పడ్డప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుంటుంది, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. కరగడం వేగంగా, కట్టడం నిదానంగా జరుగుతాయి. అందుకే తొందరపాటు శిక్షణలో మొదటి కొన్ని వారాలు గడిచాక, ఎముక మునుపటికంటే బలహీనంగా ఉండే దశ ఒకటి వస్తుంది. రెండు నెలల ప్రణాళిక గుర్రాన్ని సరిగ్గా ఆ దశలోనే పోటీకి పంపుతుంది. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఎవరైనా పెట్టగలరా?

టెండన్ తెగితే మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మానినా పాత సాగుదల రాదు. అక్కడే మళ్లీ దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఏడాది సాధనను తప్పించుకుందామనుకున్నవాళ్లు ఏడాది వైద్యం చేయించాల్సి వస్తుంది.

శని, ఆదివారాల సంగతికొస్తే, వెనకట బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి, దాణా మాత్రం తగ్గించకుండా పెట్టేవాళ్లు. సోమవారం పనిలోకి దించగానే వాటి తొడ, పిరుదు కండరాలు బిగుసుకుపోయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చి, అడుగు వేయలేక నిలబడిపోయేవి. పశువైద్యులకు ఎన్నో తరాలుగా తెలిసిన జబ్బు ఇది. మన దగ్గర సోమవారం నుంచి శుక్రవారం దాకా గదిలో నిలబెట్టి, ఉలవ గుగ్గిళ్లు పూర్తిగా పెట్టి, శనివారం పొద్దున రెండు గంటలు పరిగెత్తిస్తే జరిగేదీ అదే. పని లేని రోజు దాణా తగ్గాలి, గడ్డి తగ్గకూడదు. బలం కోసమని దాణా పెంచడం మన దగ్గర ఆచారమైంది. గుర్రం పొట్ట గడ్డి కోసం తయారైంది. పెద్దపేగులోని ఆ పీచే పోటీ రోజు నీటిని పట్టి ఉంచి, కాస్తకాస్తగా శరీరానికి అందిస్తుంది.

నేల కూడా శిక్షణలో భాగమే. 1996 నాటి 111 జీవో వల్ల ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు ఏర్పడ్డాయి. అందుకే ఐటీ కారిడార్‌కు ఇంత దగ్గరలో మట్టిబాటలు, పొలాల గట్లు ఇంకా మిగిలాయి. ఆ బాటలను వదిలి, దూరం కొలవడం తేలికని ఔటర్ సర్వీస్ రోడ్డు తారు మీద ట్రాట్ చేయించేవాళ్లున్నారు. గట్టి నేల మీద నడిపించడం మంచిదే, కాళ్లు గట్టిపడతాయి. ట్రాట్, క్యాంటర్ మాత్రం మట్టి మీదే చేయించాలి. అన్ని నేలలకూ అలవాటు చేయాలి. పోటీ బాటలో రాళ్లున్నాయని ఆ రోజు తెలిసి లాభం లేదు.

మరి ఎంత సమయం కావాలి? ఏళ్ల తరబడి క్రమంగా పనిచేస్తున్న గుర్రమైతే మూడు నాలుగు నెలలు చాలవచ్చు, దానికి పునాది ఉంది కాబట్టి. వారాంతపు గుర్రానికి, రేసుల నుంచి వచ్చినదానికి ఏడాది. మొదటి రెండు నెలలు వారానికి నాలుగు రోజులు, 8 నుంచి 10 కిలోమీటర్లు, ఎక్కువ నడక, తక్కువ ట్రాట్. తర్వాత దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఆరో నెలకు వారానికొక్కసారి 20, 25 కిలోమీటర్లు. అప్పటిదాకా సగటున గంటకు 8, 10 కిలోమీటర్లు దాటనక్కర్లేదు. వేగం గురించి ఆలోచించాల్సింది ఆరో నెల తర్వాతే. దూరాన్ని, వేగాన్ని ఒకే వారంలో ఎప్పుడూ పెంచకూడదు. ప్రతి నాలుగో వారం పని తగ్గించాలి, శరీరం గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే. 30 కిలోమీటర్లు రెండు మూడుసార్లు హాయిగా చేసి, ప్రతిసారీ మర్నాడు పొద్దున నాలుగు కాళ్లూ చల్లగా, వాపు లేకుండా ఉంటే, అప్పుడు 40 కిలోమీటర్ల పోటీకి పేరివ్వొచ్చు.

దీన్ని అతి జాగ్రత్త అనేవాళ్లు కేరళ అమ్మాయి నిదా అంజుమ్ చేసిందేమిటో చూడాలి. 2023లో ఫ్రాన్స్‌లోని కాస్టెల్సాగ్రాలో జరిగిన యువ రౌతుల ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీలో ఎప్సిలాన్ సలూ అనే ఆడగుర్రం మీద 120 కిలోమీటర్లు ఏడున్నర గంటల్లోపు పూర్తిచేసిన తొలి భారతీయురాలు ఆమె. మరుసటి ఏడాది పెద్దల పోటీలో 160 కూడా పూర్తిచేసింది. 2023లో ఆమె సగటు వేగం గంటకు దాదాపు 16 కిలోమీటర్లు. ప్రపంచ పోటీలో నెగ్గుకొచ్చిన వేగమిది. మన వారాంతపు రౌతులు శిక్షణ రెండో నెలలో మొయినాబాద్ బాటల మీద పెట్టే గ్యాలప్ దీనికి రెట్టింపు. పైగా ప్రపంచ పోటీలో బయలుదేరే గీత దగ్గర నిలబడే ముందు ఎవరైనా సరే చిన్న దూరాల నుంచి అర్హత సవారీలు ఒక్కొక్కటే పూర్తిచేసి రావాలి. కొత్తవాళ్లు ఆ సవారీల్లో గంటకు 16 కిలోమీటర్లు దాటకూడదని నియమం కూడా ఉంది.

4. “ఇక్కడి గుర్రానికి ఎండ లెక్కా?”

గుర్రం పని చేసేటప్పుడు ఖర్చుచేసే శక్తిలో పెద్ద భాగం, నాలుగింట మూడొంతులకు పైగా, వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపేది ముఖ్యంగా చెమట. వేడిగా, ఉక్కగా ఉన్న రోజు గంటకు 10 లీటర్లకు పైగా చెమట పోవచ్చు. మే నెల ఎండ కళ్లకు కనపడుతుంది కాబట్టి అందరూ జాగ్రత్తపడతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన వెలిసిన పొద్దున 28 డిగ్రీలే కదా అని గుర్రాన్ని వదిలేస్తారు. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఆరని చెమట చల్లబరచదు. నిజానికి హైదరాబాదులో ఎక్కువ ప్రమాదం ఆ పొద్దుటిదే.

మనిషి చెమట నెత్తురుకంటే పలుచన. గుర్రం చెమటలో ఉప్పు నెత్తురులో కంటే ఎక్కువ. అందుకే మనకు చెమట పోయేకొద్దీ నెత్తురు చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రానికి నీళ్లు, ఉప్పు రెండూ కలిసి పోతాయి కాబట్టి దాహం సూచన సరిగా అందదు. లీటర్ల కొద్దీ చెమట పోగొట్టుకున్న గుర్రం నీళ్ల బకెట్ ముందు మూతి తిప్పుకుంటే, దానికి నీళ్లు అక్కర్లేదని అనుకోకండి. సోడియం, క్లోరైడ్, పొటాషియం, కాల్షియం తగ్గిపోతే కండరాలు పట్టేస్తాయి, పేగులు కదలడం మానేస్తాయి. ఒక్కోసారి డయాఫ్రం గుండె చప్పుడుతో పాటు ఎగిరిపడుతుంది, డొక్క దగ్గర ఆ దెబ్బ కంటికి కనపడుతుంది. ఆ స్థితికి వచ్చిన గుర్రానికి మనుషుల ఓఆర్ఎస్ పొట్లాలు కలిపి పట్టిస్తే సరిపోదు. నీళ్లు తాగని గుర్రం నోట్లో ఉప్పుముద్ద పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. దారిలో ఆగి నీళ్లు తాగడం కూడా నెలల తరబడి నేర్పాల్సిన అలవాటే.

ఆఫీసుకు టైమవుతుందని పొద్దున ఆరింటికే సవారీ ముగించే గుర్రం పదకొండు గంటల ఎండకు అలవాటుపడలేదు. ఇక్కడ పుట్టినంత మాత్రాన ఆ అలవాటు రాదు. ఆ వేళల్లో, ఆ వాతావరణంలో రెండు మూడు వారాలు తేలికపాటి పని చేయిస్తేనే వస్తుంది. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం కూడా మన గుర్రపుశాలల్లో బలంగా ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం జరిగిన పరిశోధనలు ఆ భయం తప్పని తేల్చాయి. ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూనే ఉండాలి. నీడ, గాలి, నీళ్లు ముందే సిద్ధం చేసుకోవాలి.

5. “డాక్టర్లు ఉన్నారు కదా”

1892లో బెర్లిన్, వియన్నా నగరాల మధ్య జర్మన్, ఆస్ట్రియన్ సైనికాధికారులు 500 కిలోమీటర్లకు పైబడిన పోటీ పెట్టుకున్నారు. చాలా గుర్రాలు చనిపోయాయి. గెలిచిన గుర్రం కూడా బతకలేదు. ఇవాళ్టి విడతలు, పరీక్షలు, తప్పనిసరి విశ్రాంతులు అలాంటి అనుభవాల నుంచి పుట్టాయి. వాటి విలువను నేను తగ్గించడం లేదు. వాటి హద్దు చెబుతున్నాను.

2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ అశ్వక్రీడలు జరిగాయి. ఎండ్యూరెన్స్ పోటీకి వచ్చినవి ఏళ్ల తరబడి తయారైన గుర్రాలు. చుట్టూ ప్రపంచంలోని మేటి పశువైద్యులు. వేడి, ఉక్క పెరిగిపోవడంతో పోటీని మధ్యలోనే రద్దుచేశారు. 50కి పైగా గుర్రాలకు చికిత్స చేయాల్సి వచ్చింది. ఒక గుర్రం ప్రాణం దక్కలేదు. అంతటి గుర్రాలకు, అంతటి వైద్యుల సమక్షంలో జరిగింది ఇది. రెండు నెలల శిక్షణతో వచ్చిన గుర్రాన్ని ఒకరిద్దరు వైద్యులు కాపాడతారని ఏ ధైర్యంతో అంటున్నారు?

వైద్యుడు చూసేది ఆ నిమిషాన్ని. నాడి చెబుతుంది, చిగుళ్ల రంగు చెబుతుంది, కుంటు ఉంటే చెబుతుంది. తెగడానికి ఒక్క కిలోమీటరు దూరంలో ఉన్న టెండన్ పరీక్ష బల్ల దగ్గర ఏమీ చెప్పదు. పోటీలోని వైద్య పరీక్ష గుర్రాన్ని ఆపడానికి ఉంది. తయారుచేసే పని దానిది కాదు. వైద్యులు ఉపయోగించే పద్ధతిని మాత్రం మనం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. గుర్రం నాడి చూసి, 125 అడుగులు ట్రాట్ చేయించి వెనక్కి తెచ్చి, మొదలుపెట్టిన నిమిషానికి మళ్లీ చూడాలి. రెండో అంకె మొదటిదానికంటే నాలుగైదు ఎక్కువ వస్తే లోపల ఏదో ఇబ్బంది ఉన్నట్టే. స్టెతస్కోపు, గడియారం ఉంటే చాలు. ప్రతి పొడవైన సవారీ తర్వాతా ఇది చేసి రాసుకున్నవాళ్లకు, తమ గుర్రం గురించి ఏ వైద్యుడికంటే ముందే తెలుస్తుంది.

6. “మాకున్నది శని, ఆదివారాలే”

ఈ మాటలో నిజం ఉంది. వారం రోజుల పని, రాయదుర్గం ట్రాఫిక్, ఇంటి బాధ్యతల మధ్య నాలుగు పొద్దులు తీయడం కష్టం. కానీ సమయం లేకపోవడం మన ఇబ్బంది. దాని ఖర్చు గుర్రం కాళ్ల మీద వేయడానికి మనకు హక్కు లేదు. ఒకే గుర్రాన్ని ఇద్దరు రౌతులు పంచుకుని పని చేయించవచ్చు. మధ్య రోజుల్లో గుర్రాన్ని చూసుకునే సాయీస్ చేత నడిపించవచ్చు, దానికి అతనికి తగిన కూలి ఇచ్చి. రోజంతా నడుస్తూ మేసేలా గుర్రాన్ని బయట వదిలే చోట ఉంచవచ్చు. ఇవేవీ కుదరకపోతే వారాంతాల్లో గంటన్నర హాయిగా సవారీ చేసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. పోటీ జోలికి మాత్రం వెళ్లకండి.

సాయీస్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. రోజూ పొద్దున గుర్రం కాళ్లు తడిమేది అతనే. “సాబ్, ఇవాళ కుడికాలు కొంచెం వేడిగుంది” అని చెప్పేది అతనే. నాల్‌బంద్ లాడం కొట్టేటప్పుడు గిట్టలో తేడా గమనించి చెప్పేదీ మొదట అతనికే. పోటీ ఫీజు కట్టేశామని, స్నేహితులంతా వస్తున్నారని, ఆ మాటను తోసేసి జీను వేయించడం చాలాచోట్ల జరుగుతున్న పని. కుంటిదైన గుర్రం చేతులు మారుతుంది. ఇంకా తక్కువ ధరకు, ఇంకా తక్కువ సంరక్షణ ఉన్న చోటికి పోతుంది. పెళ్లి బారాత్‌ల్లో డప్పుల మధ్య, దీపాల మధ్య నిలబడే గుర్రాల కాళ్లను ఒకసారి వంగి చూడండి. ఎంతమంది యజమానుల తొందరలు ఆ కాళ్ల మీద ఉన్నాయో తెలుస్తుంది.

కాబట్టి ఈ చుట్టుపక్కల దూరపు సవారీ నిర్వహించాలనుకునే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఇది. ప్రవేశ ఫీజుతో పాటు శిక్షణ పుస్తకం అడగండి. అందులో కనీసం ఆరు నెలల తేదీలు, దూరాలు, వేగాలు, సవారీ తర్వాతి నాడి, మర్నాటి కాళ్ల స్థితి ఉండాలి. దాని మీద యజమానితో పాటు సాయీస్ సంతకమో వేలిముద్రో ఉండాలి. మొదటిసారి వచ్చే గుర్రానికి వేగానికి పైహద్దు పెట్టండి, దాన్ని దాటితే ముందు వచ్చినా లెక్కలోంచి తీసేయండి. పుస్తకం లేకుండా వచ్చిన గుర్రాన్ని, దాని మీద కూర్చున్నది ఎవరైనా సరే, బయలుదేరే గీత దగ్గరే ఆపి ఇంటికి పంపించండి.